కత్తిరించని దగ్గు

పళ్ళ డాక్టరు దగ్గర పనిముట్లు శుద్ధి చేసే ఆవిడకి శుభ్రం ఉద్యోగం మాత్రమే కాదు, స్వభావం కూడా. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చిన్న చిన్న అద్దాలూ, కొక్కేల్లాంటి సూదులూ, పట్టుకార్లూ కడిగి, మందునీళ్ళలో నానబెట్టి, ఆవిరి పెట్టెలో పెట్టి తీసి, కాగితపు సంచుల్లో మూస్తుంది. ఇంటికొచ్చాకైనా ఆ చేతులు ఊరుకోవాలా, ఊరుకోవు. తలుపు గడియ తుడుస్తాయి, కుళాయి తుడుస్తాయి. సబ్బుని కూడా ఇంకో సబ్బుతో కడుగుతుందని వాళ్ళాయన వేళాకోళం చేస్తాడు. చేస్తే చేశాడు. ఇద్దరు ఆడపిల్లలకీ పుట్టుకతోనే సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న ఇంట్లో తల్లికి ఆ మాత్రం చాదస్తం లేకపోతే ఎలా?

ఆ జబ్బు పేరు పలకడానికి ఆవిడకి చాలాకాలం పట్టింది. అర్థం కావడానికి మాత్రం ఎంతోసేపు పట్టలేదు. పెద్దదాన్ని పొత్తిళ్ళలో ముద్దు పెట్టుకుంటే పెదాలకి ఉప్పగా తగిలేది. చెమటలో ఉప్పు ఎక్కువట. ఊపిరితిత్తుల్లో మామూలుగా పల్చగా ఉండాల్సిన తడి వీళ్ళకి బంకలా చిక్కబడుతుందట. ఆ బంకలో ఏ క్రిమి పడ్డా ఇక కదలదట. తల్లిలో సగం, తండ్రిలో సగం దాక్కుని ఉన్న దోషం పిల్లల్లో కలిసి బయటపడిందని డాక్టరు చెప్పినప్పుడు భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరు ఎవర్ని తిట్టుకోవాలి? ఇద్దరూ సమానంగా ఇచ్చారు మరి.

పెద్దపిల్లకి పదేళ్ళప్పుడు సూడోమోనాస్ అనే క్రిమి పట్టుకుంది. తూముల్లో, తడి మూలల్లో ఉంటుంది అది. మామూలు మనుషుల్ని ఏమీ చేయదు, లోపలికి వెళ్ళినా ఒంట్లో బలగం ఊడ్చి పారేస్తుంది. ఈ పిల్లలకి మాత్రం శని. మందులన్నీ పోశారు, ఆవిరి పట్టారు, వీపు మీద చరిచి చరిచి కఫం తీశారు. అది తన చుట్టూ జిగురుతో గోడ కట్టుకుని లోపలే కూర్చుంది. పెద్దపిల్ల దానికి ఇల్లరికపుటల్లుడని పేరు పెట్టింది. వచ్చేటప్పుడు చేతిసంచితో వచ్చాడు, ఇప్పుడు ఇల్లంతా నాదే అంటున్నాడు, పొమ్మంటే అలుగుతాడు, మందు పోస్తే పడుకుంటాడు, మళ్ళీ లేస్తాడు అని చెప్పి తనే నవ్వేది. ఆ నవ్వు చివర దగ్గు వచ్చేది. ఆ దగ్గుకి తల్లి పక్కగదిలోకి వెళ్ళిపోయేది.

అక్క తరువాత పదమూడేళ్ళకి పుట్టిన చిన్నదానికి మాత్రం ఆ క్రిమి ఇంకా అంటలేదు. దానికి ఆరేళ్ళొచ్చినప్పుడు ఛాతీ డాక్టరు కూర్చోబెట్టి చెప్పాడు. అక్క దగ్గు తుంపర్లలో అది ఉంటుంది, చెల్లికి అంటుకుంటే ఇక వదలదు, ఈ జబ్బున్నవాళ్ళు ఇద్దరు ఒక గదిలో ఉండకూడదు. అంతే, ఇల్లు రెండయింది. పెద్దపిల్ల మేడ మీదికి మారింది. తండ్రి తలుపులు చేసే వడ్రంగి. మెట్ల కింద గట్టి తలుపు బిగించి, మధ్యలో గాజు పెట్టాడు. పొరపాటో, ప్రేమో, ఆ గాజుని ఆరేళ్ళ పిల్ల ఎత్తుకి పెట్టాడు. దాంతో చెల్లితో మాట్లాడాలంటే అక్క మెట్టు మీద కూర్చోవాలి. చిన్నది అక్కకి మేడక్క అని పేరు పెట్టింది. బొద్దుగా, గుండ్రంగా ఉండే చిన్నది అందరికీ బుడంకాయ. అలా ఐదేళ్ళు గడిచాయి. ఐదేళ్ళలో అక్కాచెల్లెళ్ళు ఒకర్నొకరు ముట్టుకున్నది లేదు.

మేడక్క చేసే పని వింటే దేవుడికి వెటకారం ఎక్కువని ఒప్పుకోవాలి. గొంతులు సరిచేయడం ఆమె ఉద్యోగం. ఎవరో పుస్తకం చదివి రికార్డు చేసి పంపుతారు. మేడక్క చెవులకి డిప్పలు పెట్టుకుని, కంప్యూటరులో ఆ గొంతు గీతల్ని చూస్తూ, మధ్యలో వచ్చిన ఆయాసాలూ, గుటకలూ, దగ్గులూ కత్తిరించి పారేస్తుంది. అతుకు ఎక్కడుందో కన్నతల్లి కూడా కనిపెట్టలేదు. రోజూ పొద్దున్నే అమ్మకి ఒక వాయిస్ మెసేజ్ కూడా పంపుతుంది. బాగానే పడుకున్నాను, కఫం తీసేశాను, చెల్లి వీపు చరిచావా, ఇలాంటివి. ఆవిడ బస్సులో కిటికీ పక్కన కూర్చుని అది రెండుసార్లు వింటుంది. ఒక్క దగ్గు కూడా వినపడదు. ఈమధ్య పెద్దదానికి నయంగా ఉందని ఆయనకి చెబుతుంది, ఆయన కూడా తలూపుతాడు.

అలాంటి రోజుల్లో టీకా సంగతి వచ్చింది.

ఆసుపత్రి వెనక ల్యాబులో ఒక పరిశోధకురాలు ఉంది. నెరిసిన జుట్టు, అరిగిన చెప్పులు, మాట మెత్తన. ఆమె గదిలో పండిన ద్రాక్ష వాసన వేస్తుంది. పండ్లేమీ ఉండవు, ఆమె పెంచే ఆ క్రిమి వాసనే అది. బుడంకాయ ఒకసారి గుమ్మంలోంచి వాసన చూసి ద్రాక్షమ్మ అని పేరు పెట్టింది, పేరు ఊరంతా పాకింది. ద్రాక్షమ్మ జీవితంలో సగం ఈ క్రిమికే ఇచ్చేసింది. ఇంతకుముందు చేసిన టీకా ఎలకల్లో గెలిచి మనుషుల్లో ఓడింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. పట్టుదల అంటే అదీ. మనమైతే ఒకసారి మాడితేనే ఆ గిన్నె మొహం చూడం.

ఇప్పుడు కొత్త టీకాని కొద్దిమందికి వేసి చూస్తున్నారు. క్రిమి ఇంకా అంటని పిల్లలకే. ఉత్తుత్తి సూదులు లేవు, చేరిన అందరికీ అసలుదే వేస్తారు. ఒంటికి పడుతుందా లేదా, రక్తం ఆ క్రిమిని గుర్తుపట్టడం నేర్చుకుంటుందా లేదా, ఈ రెండే ఇప్పుడు చూసేది. బుడంకాయని చేర్చమని ద్రాక్షమ్మ అడిగింది.

తల్లి ససేమిరా అంది. నా పిల్ల ఎలకా ఏమిటి అంది. ఇన్నాళ్ళూ కంటికి రెప్పలా కాచుకొచ్చాను, తూములో మరిగే నీళ్ళు నేనే పోశాను, ఇప్పుడు మీరొచ్చి సూదితో ఆ క్రిమినే ఒంట్లోకి ఎక్కిస్తారా అంది. ద్రాక్షమ్మ ఓపిగ్గా, టీకాలో బతికున్న క్రిమి ఉండదండీ, దాని పైతొడుగు ముక్కలే ఉంటాయి అని చెప్పింది. తొడుగైతే ఏం, తోలైతే ఏం, దానిదేగా అని ఈవిడ లేచి వచ్చేసింది. ఆ రోజు ఇంట్లో కుళాయిలు తళతళలాడాయి.

ఆ ఆదివారం మేడక్క అమ్మని పైకి పిలిచింది. తల్లికి ఈ జబ్బు లేదు గనక మాస్కు కట్టుకుని, దిగాక బట్టలు మార్చుకుని ఎప్పుడైనా వెళ్ళొచ్చు. మేడక్క వాదించలేదు. డిప్పలు తీసి అమ్మ చెవులకి పెట్టి ఒక మీట నొక్కింది. బుడంకాయ నవ్వు. గాజు అవతల నుంచి ఏదో పిచ్చి జోకు చెప్పి, తనే ముందు నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేక నవ్విన నవ్వు. మధ్యలో ఒక్క దగ్గు లేకుండా అలా సాగుతూనే ఉంది. తల్లికి కూడా నవ్వొచ్చింది.

"ఇందులో కోత లేదమ్మా. నేనేమీ కత్తిరించలేదు. దాని నవ్వే అలా ఉంది," అంది మేడక్క.

తరువాత ఇంకో మీట నొక్కింది. రోజూ పొద్దున బస్సులో వినే మెసేజే. కాకపోతే ఇది కత్తెర పడకముందుది. బాగానే పడుకున్నాను అన్న రెండు మాటల మధ్య ఎంత దగ్గు, ఎంత ఆయాసం. కఫం తీసేశాను అనడానికి ముందు, ఎవరో మూట దించి కూలబడ్డట్టు ఒక మూలుగు. మాటలు తక్కువ, మిగిలిందంతా దగ్గే. తల్లి డిప్పలు తీయబోయింది. మేడక్క ఆ చేతుల్ని పట్టుకుని ఆపింది.

"రోజూ ఇలాగే ఉంటుందా?" అని అడిగింది తల్లి చివరికి.

"ఉంటుంది. నువ్వు బస్సులో ఏడవకూడదని కత్తిరించాను. నాకు ఈ సూది పదేళ్ళప్పుడు దొరికుంటే నేను వద్దనేదాన్నా అమ్మా? నా ఇల్లు ఎలాగూ కాలింది. దానికి బావి ముందే తవ్వనీ."

ఆవిడ కిందికి దిగి, బట్టలు మార్చుకుని, ద్రాక్షమ్మకి ఫోను చేసింది. ఎన్నింటికి రమ్మంటారు అని మాత్రం అడిగింది.

మొదటి సూదికి ముందే బుడంకాయ రక్తం కొంచెం తీసి దాచారు. సూది పడ్డాక చెయ్యి గట్టిగా వాచింది, సాయంత్రం కాస్త ఒళ్ళు కాలింది. తల్లి దాని నుదుటి మీద తడిగుడ్డ వేసి ద్రాక్షమ్మని, ద్రాక్షమ్మని కన్నవాళ్ళని, పనిలో పనిగా తన ఒప్పుకోలునీ తిట్టుకుంది. తెల్లారేసరికి బుడంకాయ లేచి ఆకలంది. కొన్ని వారాలకి రెండో సూది కూడా పడింది.

ఇక మేడక్క వంతు. పిల్లల రక్తం నేర్చుకుందో లేదో చూడాలంటే నిజమైన క్రిమి కావాలి కదా. ముదిరిన క్రిమి, మనిషి ఒంట్లో ఏళ్ళ తరబడి ఉండి రాటుతేలినది. దానికోసం పెద్ద రోగుల కఫం అడిగారు. మేడక్క ఎంత సంబరపడిందని. ఇన్నాళ్ళూ తిని కూర్చున్న అల్లుడు ఇప్పటికి పనికొచ్చాడు, పంపిస్తాను, నా చెల్లెలి రక్తంతోనే తన్నులు తిననీ అంది. తనకి ఆ టీకా ఇప్పుడు ఏమాత్రం పనికిరాదని ఆమెకి బాగా తెలుసు. అయినా పెళ్ళికి ముస్తాబు చేసినంత హడావిడి చేసింది. ఎవరికొస్తుందండీ అంత పెద్ద మనసు?

ల్యాబు నుంచి మూతున్న ప్లాస్టిక్ కప్పు వచ్చింది. తండ్రి తెచ్చి బల్ల మీద పెట్టాడు. తోవలో దాని పైకవరు చిరిగింది. చిరిగిన కవరు చూశాక ఆవిడ ఊరుకుంటుందా? అక్కడ పళ్ళ డాక్టరు దగ్గర కవరు చిరిగిన పనిముట్టు మళ్ళీ మొదటికి వెళ్ళాల్సిందే. కప్పు తీసింది, కడిగింది, తను పనిలో వాడే మందునీళ్ళు పోసి నానబెట్టింది, వొంపేసింది, మూత బిగించి పైకి పంపింది. అడుగున ఓ నాలుగు చుక్కలు మిగిలినా నష్టమేముంది, శుభ్రమే కదా అనుకుంది. మర్నాడు కఫం నిండిన కప్పు ల్యాబుకి వెళ్ళింది.

వారం తిరగకుండానే ఫోను వచ్చింది. పనిలో ఉంది ఆవిడ, చేతులకి తొడుగులు, మెడకీ భుజానికీ మధ్య ఫోను. అవతల ద్రాక్షమ్మ, మీ పెద్దమ్మాయి కఫంలో ఈసారి క్రిమి పెరగలేదండీ అంది. ఆ తరువాత ఇంకా ఏదో చెబుతోంది. ఈవిడ వింటేగా. ఫోను పెట్టేసింది. తొడుగులు విప్పేసింది. పళ్ళ డాక్టరుకి ఏమీ చెప్పకుండానే బస్సెక్కింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బస్సు దిగేలోపే ఒకే బల్ల చుట్టూ నలుగురూ కూర్చుని తినడం, అక్కాచెల్లెళ్ళు ఒకే దుప్పట్లో కొట్టుకోవడం, ఆ తలుపు పీకించి పుస్తకాల అలమర చేయించడం, అన్నీ చూసేసింది.

ఇంట్లోకి వస్తూనే బుడంకాయకి చెప్పింది. మేడక్కకి క్రిమి పోయిందే అని. నోటి మాట నోట్లో ఉండగానే తనే తలుపు గడియ తీసింది. పైకి వినపడేలా అరిచింది కూడా. బుడంకాయ తలుపు నెట్టింది. తలుపు కాస్త తెరుచుకుని, దభాలున మళ్ళీ మూసుకుంది.

అవతల మేడక్క. అరుపు విని మెట్లు ఒక్క పరుగున దిగి, తలుపుకి వీపు ఆనించి, కాళ్ళు కింది మెట్టుకి తన్నిపెట్టి కూర్చుంది. గాజులోంచి ఆమె జడా, భుజాలూ మాత్రమే కనపడుతున్నాయి. ఆ పరుగుకే ఊపిరి అందక భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. దగ్గు వచ్చినప్పుడల్లా మొహం తలుపుకి దూరంగా, మేడ వైపుకి తిప్పుకుని మోచేతిలోకి దగ్గుతోంది. వీపు మాత్రం తలుపు మీంచి తీయలేదు. ఇవతల బుడంకాయ ముందు ఆట అనుకుని నవ్వుతూ నెట్టింది. తరువాత కోపంతో నెట్టింది. ఆఖరికి ఏడుస్తూ నెట్టింది. మేడక్కా తియ్యవే, పోయిందటే, అమ్మ చెప్పిందే అని తలుపుని గుద్దింది. ఐదేళ్ళు ముట్టుకోని చెల్లెలు, రెండంగుళాల చెక్క అవతల ఏడుస్తోంది. తీస్తే చాలు, ఒళ్ళో పడుతుంది. మేడక్క తీయలేదు.

"అమ్మా, దాన్ని అవతలికి తీసుకుపో," అంది మేడక్క ఊపిరి కూడగట్టుకుని. "వాడు పోలేదు. ఈ పొద్దున కూడా కళ్ళె పచ్చగానే పడింది. పద్నాలుగేళ్ళ కాపురం, వాసన నాకు తెలీదా? ముందు గడియ వెయ్యి."

తల్లి గడియ వేసింది. బుడంకాయని లాగి వెనకగదిలో కూర్చోబెట్టి తిరిగి వచ్చింది. మేడక్క ఇప్పుడు ఇటు తిరిగి, గాజులోంచి అమ్మ కళ్ళలోకి చూసింది.

"అమ్మా, నిజం చెప్పు. ఆ కప్పు నీ చేతిలో పడిందా?"

ఆవిడకి అప్పుడు వెలిగింది. అవునన్నట్టు తలూపింది. మేడక్క నవ్వడం మొదలుపెట్టింది. దగ్గుతూ నవ్వింది, నవ్వుతూ దగ్గింది. పద్నాలుగేళ్ళుగా ఇంత మంది డాక్టర్లు చంపలేనివాణ్ణి మా అమ్మ నాలుగు చుక్కలతో చంపింది, కాకపోతే కప్పులో చంపింది అంది. తల్లికి మాత్రం నవ్వు రాలేదు. చేతులారా గడియ తీసింది తనే. ఇంకొక్క క్షణం ఉంటే చిన్నదాని బతుకు కూడా మేడెక్కేది. ఆపింది ఎవరు? ఆ తలుపు తెరుచుకోవాలని అందరికంటే ఎక్కువ కోరుకున్న మనిషి. ఆవిడ తలుపు పక్కనే నేల మీద కూలబడి ఏడ్చింది. ఇంత మనసున్నదాన్ని నేనే కన్నానా అనుకుంది.

ద్రాక్షమ్మకి ఫోను చేసి జరిగింది దాచకుండా చెప్పింది. ద్రాక్షమ్మ చీవాట్లు పెట్టలేదు. ఒక్కసారి పెరగనంత మాత్రాన పోయినట్టు కాదు, ఏమీ మార్చొద్దు అని చెబుతుండగానే మీరు ఫోను పెట్టేశారండీ, మళ్ళీ చేస్తే ఎత్తలేదు అంది. బుడంకాయకి పరీక్ష చేస్తే అదృష్టం బాగుండి ఏమీ అంటలేదు. ఇంకో కప్పు వచ్చింది. ఈసారి ఆవిడ దాన్ని అంచు పట్టుకుని, కవరు కూడా విప్పకుండా, నిప్పు మోసినట్టు మోసి మెట్ల మీద పెట్టి వచ్చింది.

మూడో సూది కూడా పడి, బుడంకాయ రక్తం మళ్ళీ తీశాక, ద్రాక్షమ్మ తల్లిని ల్యాబుకి రమ్మంది. మామూలుగా ఇలా ఎవరికీ చూపించరు. మేడక్క పట్టుబట్టి అడిగిందట, నేను రాలేను గానీ మా అమ్మకి చూపించండి అని.

గదిలో అదే ద్రాక్ష వాసన. బల్ల మీద మూతలు అతికించిన రెండు గుండ్రటి గాజుపళ్ళేలు. ద్రాక్షమ్మ వివరంగా చెప్పింది. క్రిమిని మింగే తెల్లకణాలు రెండు గొట్టాల్లో వేసి, రెండిట్లోనూ మేడక్క క్రిమినే కలిపారు. ఒకదాంట్లో బుడంకాయ పాత రక్తపు నీరు, సూదులకి ముందుది. రెండోదాంట్లో మూడు సూదుల తరువాతది. కాసేపాగి, మిగిలిన క్రిముల్ని ఈ పళ్ళేల్లో పెరగనిచ్చారు. ఆ రక్తపు నీరొక్కటే తేడా. మొదటి పళ్ళెం నిండా నాచు పట్టినట్టు పచ్చగా ఉంది, ఖాళీ లేదు. రెండోదాంట్లో అక్కడొకటి ఇక్కడొకటి చుక్కలున్నాయి. మిగిలినదంతా ఖాళీ.

తల్లి వంగి చూసింది. చాలాసేపు చూసింది. జీవితమంతా వస్తువుల మీద క్రిముల్ని చంపిన మనిషి, కంటికి కనపడేలా చూడటం మాత్రం ఇదే మొదలు. తను మందునీళ్ళతో చేసే పని తన కూతురి రక్తం ఊరికే చేస్తోంది.

"అయితే మా పిల్లలిద్దరూ ఇందులో ఒకచోట ఉన్నారన్నమాట," అంది.

"ఉన్నారండీ," అంది ద్రాక్షమ్మ. ఇది గాజులో గెలుపు మాత్రమే, ఊపిరితిత్తుల్లో గెలుస్తుందో లేదో ఇంకా కొన్నేళ్ళు చూడాలి, పాతది కూడా ఇక్కడిదాకా గెలిచే ఓడింది, తలుపు మాత్రం మూసే ఉంచండి అని చెప్పింది. అంత కష్టపడ్డ మనిషి, సంబరం చేసుకోవాల్సిన చోట కూడా అబద్ధం ఆడలేదు. ద్రాక్షమ్మ చేతుల వైపు చూసింది తల్లి. కడిగి కడిగి పొట్టు లేచిన చేతులు, అచ్చం తనవి లాంటివే. రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ద్రాక్షమ్మ కంగారుపడి, చేతులు కడుక్కోవాలండీ అంది. ఇద్దరూ పక్కపక్కన నిలబడి, మోచేతుల దాకా కడుక్కున్నారు.

సాయంత్రం గాజు తలుపు దగ్గర అందరూ చేరారు. ఇవతల బుడంకాయ, వెనక తండ్రి, పక్కన తల్లి. అవతల మెట్టు మీద మేడక్క. చూసిందంతా తల్లి చెప్పింది. పచ్చటి పళ్ళెం, ఖాళీ పళ్ళెం. మేడక్క మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించుకుంది. ఎన్ని చుక్కలు మిగిలాయి, ఎంత ఖాళీ ఉంది అని.

బుడంకాయ అంతా విని, "అయితే నా రక్తం మేడక్కకి ఎక్కించండి," అంది.

మేడక్క గాజుకి దగ్గరగా జరిగింది.

"గోడ కట్టుకుని కూర్చున్నవాడి మీద అది పనిచేయదే. నీ దగ్గరే ఉంచుకో. నీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టే," అంది. ఆ గొంతులో ఎక్కడా కోత లేదు, వణుకు మాత్రం ఉంది.

బుడంకాయకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి ముక్కులోంచి వింత చప్పుడొకటి వచ్చింది. దానికి మేడక్క పగలబడి నవ్వింది. నవ్వులో దగ్గు, దగ్గులో నవ్వు. మొహం పక్కకి తిప్పి మోచేతిలోకి దగ్గి, మళ్ళీ ఇటు తిరిగి నవ్వింది. తల్లి పక్కగదిలోకి వెళ్ళలేదు. అక్కడే నిలబడి అంతా విన్నది.

తరువాత ఆవిడ తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది.

"రేపటి నుంచి నాకు పంపేదాంట్లో ఏమీ కత్తిరించకు తల్లీ," అంది. "దగ్గుతో సహా పంపు. బస్సులో ఏడుస్తానేమో, ఏడవనీ. నువ్వు ఎలా ఉన్నావో అలాగే వింటాను."

మేడక్క సరేనంది. మర్నాడు పొద్దున బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆవిడ ఫోను చెవికి పెట్టుకుంది. మెసేజ్ ఎప్పటికంటే చాలా పొడుగ్గా ఉంది. ఆఖరిదాకా విని, మళ్ళీ మొదటి నుంచి పెట్టుకుంది.